కొత్త తరం యాంటీసైకోటిక్ మందులు: ఇంట్లోవాళ్ళు మళ్ళీ మళ్ళీ అడిగే ప్రశ్నలు

మానసిక వైద్య విభాగంలో మందులిచ్చే కిటికీ దగ్గర పనిచేసే ఫార్మసిస్టుని నేను. ఏళ్ళుగా అవే సందేహాలు వింటున్నాను. కొన్నిటిని వెనక వరుసలో ఉన్నవాళ్ళకి వినపడకుండా గొంతు తగ్గించి అడుగుతారు. కొన్ని రెండోసారో మూడోసారో వచ్చినప్పుడు గానీ బయటికి రావు. అప్పటికే మందు ఆపేసి ఉంటారు, జబ్బు తిరగబెట్టి ఉంటుంది. అది చూసినప్పుడల్లా నాకు బాధేస్తుంది. ఆ ప్రశ్న మొదట్లోనే అడిగి ఉంటే చాలావరకు ఆపగలిగేవాళ్ళం.

ఏ ప్రశ్న దగ్గర తెరిచినా జవాబు అక్కడే దొరికేలా రాశాను. కాబట్టి ఒకటి రెండు మాటలు మళ్ళీ కనిపిస్తాయి. మోతాదు పెంచడం, తగ్గించడం, మందు మార్చడం మాత్రం మీ డాక్టరు చేతిలోనే ఉండాలి.

## మొదటి చీటీ చేతికొచ్చినప్పుడు

డాక్టరు గారు రిస్పెరిడోన్ రాశారు. ఫోన్‌లో చూస్తే యాంటీసైకోటిక్ అని ఉంది. అసలు ఇదేం మందు?

లేని మాటలు వినిపించడం, ఎవరో తనని చంపడానికి చూస్తున్నారని గట్టిగా నమ్మడం, మాటకి మాటకి పొంతన లేకపోవడం, వీటన్నిటినీ కలిపి సైకోసిస్ అంటారు. దాన్ని తగ్గించే మందులే యాంటీసైకోటిక్‌లు. మెదడులో డోపమైన్ అనే రసాయనం ఉంటుంది. ఏది ముఖ్యమో, దేన్ని పట్టించుకోవాలో మనసుకి చెప్పడంలో దానికి పెద్ద పాత్ర ఉంది. అది అదుపు తప్పితే పక్కింటివాళ్ళ దగ్గు కూడా తనకి చేసిన సైగలా అనిపిస్తుంది. ఈ మందులు డోపమైన్ జోరుని తగ్గిస్తాయి. కొత్త తరం మందుల్లో చాలావరకు సెరటోనిన్ అనే ఇంకో మెదడు రసాయనం మీద కూడా పనిచేస్తాయి. మన దగ్గర ఎక్కువగా రాసేవి రిస్పెరిడోన్, ఒలాంజపిన్, క్వెటియాపిన్, అరిపిప్రజోల్, అమిసల్‌ప్రైడ్, పాలిపెరిడోన్, లురాసిడోన్, క్లోజపిన్.

పాత మందులకీ వీటికీ తేడా ఏంటి? కొత్తవి కాబట్టి ఇవే మంచివా?

మొదటి యాంటీసైకోటిక్ క్లోర్‌ప్రోమజిన్. 1952లో పారిస్‌లో దాన్ని మానసిక రోగులకి ఇచ్చి చూశారు. గదుల్లో బంధించి ఉంచినవాళ్ళు కూర్చుని మాట్లాడటం మొదలుపెట్టారు. ఆ దశాబ్దం చివర్లో హాలోపెరిడోల్ వచ్చింది. ఈ పాత తరం మందులు బాగా పనిచేసేవి, కానీ ఒళ్ళు బిగుసుకుపోవడం, చేతులు వణకడం ఎక్కువ. ఆ బాధ తక్కువగా ఉండే మందులుగా 1990లలో రిస్పెరిడోన్, ఒలాంజపిన్, క్వెటియాపిన్ వచ్చాయి.

కొత్తవన్నీ గొప్పవని మాత్రం అనుకోకండి. 2005లో కేటీ అనే పెద్ద అధ్యయనం ఫలితాలు అమెరికాలో వచ్చాయి. గుణం చూపడంలో పాత మందు పర్ఫెనజిన్ చాలా కొత్త మందులకి ఏమీ తీసిపోలేదు. ఒలాంజపిన్ కొంత మెరుగ్గా కనిపించింది గానీ బరువు, షుగర్ దానితోనే ఎక్కువ పెరిగాయి. ఇంకో సంగతి ఏంటంటే, 18 నెలల్లో దాదాపు నూటికి 74 మంది మొదట ఇచ్చిన మందుని ఏదో కారణంతో ఆపేశారు. ఒక మందు పడకపోతే ఇంకోటి చూడటం మామూలే. అది మీ ఓటమి కాదు.

మా అమ్మాయికి డిప్రెషన్ అన్నారు. మరి స్కిజోఫ్రీనియా మందు ఎందుకు రాశారు?

స్కిజోఫ్రీనియా అంటే సైకోసిస్ ఎక్కువకాలం ఉండే జబ్బు. కానీ ఒకే మందుని చాలా జబ్బులకి వాడతారు. ఉద్రేకం, దిగులు మార్చి మార్చి వచ్చే బైపోలార్ జబ్బులో ఉద్రేకం ఎక్కువైనప్పుడు ఇవి ముఖ్యమైన మందులు. డిప్రెషన్ మందు ఒక్కటే సరిపోనప్పుడు అరిపిప్రజోల్ గానీ క్వెటియాపిన్ గానీ చిన్న మోతాదులో కలుపుతారు. ఆటిజం ఉన్న పిల్లల్లో తనని తాను కొట్టుకోవడం, విపరీతమైన చిరాకు తగ్గడానికి రిస్పెరిడోన్, అరిపిప్రజోల్ ఇస్తారు. మందు పేరు చూసి జబ్బు పేరు ఊహించుకోకండి. "ఇది దేనికోసం రాశారు సార్?" అని అడగండి.

ఒక్కటి మాత్రం చెప్పాలి. వేరే ఏ సమస్యా లేకుండా నిద్ర కోసమే క్వెటియాపిన్ ఏళ్ళతరబడి వాడుతున్నవాళ్ళని చూస్తున్నాను. అది సరైన పద్ధతి కాదు. అంత చిన్నదానికి బరువు, షుగర్ ముప్పు కొనితెచ్చుకోకూడదు.

ఇవి మత్తు బిళ్ళలేనా? అలవాటు పడిపోతారా?

అలవాటు పడరు. మద్యం, గంజాయిలా ఇంకా కావాలనిపించే మందులు కావు ఇవి. మొదట్లో మత్తుగా ఉండటం నిజమే. ఒలాంజపిన్, క్వెటియాపిన్, క్లోజపిన్‌తో ఎక్కువ, అరిపిప్రజోల్‌తో తక్కువ. అయితే ఒక్కసారిగా ఆపేస్తే నిద్ర పట్టకపోవడం, వాంతి వచ్చేలా ఉండటం, కంగారు, చెమటలు ఉండొచ్చు. అది వ్యసనం కాదు, ఒంటికి అలవాటైన మందు హఠాత్తుగా లేకపోవడం. అందుకే ఆపాల్సి వచ్చినా మెల్లగా తగ్గిస్తారు.

జబ్బు మనసుకి కదా, రక్తపరీక్షలు, నడుము కొలతలు ఎందుకు?

ఈ మందుల్లో కొన్ని బరువుని, షుగర్‌ని, కొవ్వుని పెంచుతాయి. మొదలుపెట్టకముందు అవి ఎంత ఉన్నాయో తెలియకపోతే తర్వాత ఎంత పెరిగిందో చెప్పలేం. బరువు, నడుము, బీపీ, షుగర్, కొలెస్ట్రాల్ మొదట్లో ఒకసారి, మూడు నెలలకి ఒకసారి, ఆ తర్వాత కనీసం ఏడాదికోసారి చూడాలి. మనవాళ్ళలో నడుము చుట్టుకొలత మగవాళ్ళకి 90 సెంటీమీటర్లు, ఆడవాళ్ళకి 80 దాటితే జాగ్రత్తపడాలి. గుండె జబ్బు ఉన్నవాళ్ళకి ఈసీజీ కూడా తీస్తారు. డాక్టరు రాయడం మర్చిపోతే మీరే గుర్తుచేయండి, తప్పేం లేదు.

గాలి సోకిందని పెద్దవాళ్ళు అంటున్నారు. ముందు గుడికో దర్గాకో తీసుకెళ్తే?

వెళ్ళండి. దణ్ణం పెట్టుకుంటే మీ మనసుకి ధైర్యం వస్తుంది, అది కూడా కావాలి. కానీ మందు కూడా అప్పటినుంచే వేయండి. సైకోసిస్‌కి వైద్యం ఆలస్యమయ్యేకొద్దీ కోలుకోవడం కష్టమవుతుంది. ఎక్కడైనా సరే, గొలుసుతో కట్టేస్తామంటే మాత్రం ఒప్పుకోకండి. 2001 ఆగస్టు 6న తమిళనాడులోని ఎర్వాడిలో దర్గా దగ్గరి ఆశ్రమంలో మంటలు లేస్తే, గొలుసులతో ఉన్న మానసిక రోగులు పరిగెత్తలేక 28 మంది చనిపోయారు. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం గొలుసులు వేయడాన్ని నిషేధించింది.

ఆయుర్వేదంలో దీనికి మందు లేదా?

సర్పగంధని మన దేశంలో ఉన్మాదానికి వాడేవారు. 1931లో కలకత్తాకి చెందిన గణనాథ్ సేన్, కార్తిక్ చంద్ర బోస్ దాని గురించి వైద్య పత్రికలో రాశారు కూడా. 1952లో దాని వేరు నుంచి రెసెర్పిన్ తీశారు. 1950లలో ఆసుపత్రుల్లో దాన్ని సైకోసిస్‌కి ఇచ్చారు. బీపీ బాగా పడిపోవడం, దిగులు కమ్మడం వల్ల తర్వాత పక్కన పెట్టారు. ఇప్పుడు వాడుతున్న మందులతో పాటు సర్పగంధ వేసుకుంటే బీపీ ప్రమాదకరంగా పడిపోవచ్చు. ఏ చూర్ణం, ఏ లేహ్యం వాడుతున్నా డాక్టరుకి చెప్పండి.

## మొదటి వారాలు

పది రోజులైంది. నిద్రపోతున్నాడు గానీ ఆ గొంతులు ఇంకా వినిపిస్తున్నాయంటున్నాడు. మందు పనిచేయట్లేదా?

పనిచేస్తోంది. ముందు నిద్ర, కోపం, ఉద్రేకం సర్దుకుంటాయి. అనుమానాలు, గొంతులు తగ్గడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. చాలామందికి అవి ఒక్కసారిగా పోవు. ముందు గొంతు చిన్నదవుతుంది, తర్వాత దాన్ని పట్టించుకోకుండా ఉండగలుగుతారు, ఆ తర్వాత పోతుంది. "వినిపిస్తున్నాయా?" అని మాత్రమే అడగకుండా "పోయిన వారం కన్నా ఇబ్బంది తగ్గిందా?" అని అడిగి చూడండి. సరైన మోతాదులో ఆరు వారాలు వాడినా ఏ మార్పూ లేకపోతే అప్పుడు మందు మార్చడం గురించి ఆలోచిస్తారు.

తిన్నాక వేసుకోవాలా, తినకముందా?

చాలా మందులకి తేడా లేదు. లురాసిడోన్ మాత్రం ఖాళీ కడుపుతో వేసుకుంటే ఒంటికి సరిగా పట్టదు. కనీసం 350 క్యాలరీల తిండితో వేసుకోవాలి, అంటే రెండు బిస్కెట్లు, టీ సరిపోవు. రాత్రి భోజనంతో వేసుకోవడం తేలిక. ఉపవాసం రోజున ఏం చేయాలో ముందే అడిగి పెట్టుకోండి. మత్తు తెచ్చే మందుల్ని రాత్రిపూట, నిద్ర చెడగొట్టేలా ఉంటే అరిపిప్రజోల్‌ని పొద్దున రాస్తారు.

మెడ ఒక పక్కకి లాగేసింది, కళ్ళు పైకి వెళ్ళిపోయాయి. ఫిట్సా?

మందు మొదలుపెట్టిన మొదటి రోజుల్లో, ముఖ్యంగా కుర్రవాళ్ళలో ఇలా అవుతుంది. దీన్ని డిస్టోనియా అంటారు. చూడటానికి భయంగా ఉంటుంది, నొప్పిగానూ ఉంటుంది. కానీ ఒక ఇంజెక్షన్‌తో చాలావరకు అరగంటలో సర్దుకుంటుంది. దగ్గరలో ఉన్న ఆసుపత్రికి మందుల చీటీతో సహా వెళ్ళండి, ఎందుకంటే ఏ మందు వాడుతున్నారో తెలియకపోతే అక్కడివాళ్ళు ఫిట్స్ అనో నటన అనో పొరబడొచ్చు. నాలుక, గొంతు బిగుసుకుని ఊపిరి కష్టమైతే నిమిషం ఆలస్యం చేయొద్దు.

ఒక్కచోట కూర్చోలేకపోతోంది, వరండాలో అటూ ఇటూ తిరుగుతూనే ఉంది. జబ్బు ముదిరిందా?

ఇది ఇంట్లోవాళ్ళు ఎక్కువగా పొరబడే విషయం. ఇది జబ్బు కాకపోవచ్చు, మందు వల్ల కావచ్చు. దీన్ని అకథీజియా అంటారు. కాళ్ళలో చీమలు పాకినట్టు, లోపల్నించి ఎవరో లేపి నడిపిస్తున్నట్టు ఉంటుంది. కూర్చోమంటే కూర్చుంటారు, రెండు నిమిషాల్లో లేస్తారు. అరిపిప్రజోల్, రిస్పెరిడోన్‌తో చూస్తుంటాం. జబ్బు పెరిగిందనుకుని అదే మందు మోతాదు పెంచితే బాధ ఇంకా పెరుగుతుంది. ఆ యాతన భరించలేక చచ్చిపోవాలనిపించిందని చెప్పినవాళ్ళు ఉన్నారు. కాబట్టి దీన్ని తేలిగ్గా తీసుకోవద్దు.

తేడా తెలుసుకోవడానికి ఒకటే దారి, పక్కన కూర్చుని అడగడం. "భయంతో తిరుగుతున్నావా, కాళ్ళు ఊరుకోనివ్వట్లేదా?" మందు మొదలైన రోజు, మోతాదు పెంచిన రోజు, తిరగడం మొదలైన రోజు రాసుకుని డాక్టరుకి చూపించండి. మోతాదు తగ్గించడమో, మందు మార్చడమో, ఉబ్బసం లేకపోతే ప్రొప్రనొలాల్ ఇవ్వడమో చేస్తారు. తగ్గుతుంది.

మాత్ర వేసుకోనంటున్నాడు. సాంబార్లో కలిపి ఇవ్వొచ్చా?

ఈ ప్రశ్న అడగని కుటుంబం తక్కువ. అడిగేవాళ్ళ కళ్ళలో నిద్రలేని రాత్రులు కనిపిస్తాయి. అందుకే "అలా చేయకూడదు" అని ఒక్క మాటతో తేల్చేయలేను.

ముందు నష్టం చూడండి. తిండిలో ఏదో కలుపుతున్నారనే అనుమానం ఈ జబ్బులో సాధారణం. మీరు నిజంగానే కలుపుతూ దొరికిపోతే ఆ అనుమానం నిజమైపోతుంది. ఆ తర్వాత అన్నమూ మానేస్తారు, మిమ్మల్నీ నమ్మరు. తనకి మందు పడుతోందనే తెలియదు కాబట్టి మెడ లాగినా, కళ్ళు తిరిగినా ఎందుకో చెప్పలేరు. తెలియక ఆ పూటే కల్లు తాగితే మందుతో కలిసి మత్తు రెట్టింపవుతుంది. ఎంత మందు లోపలికి వెళ్ళిందో లెక్కా ఉండదు. పైగా బాగైపోయాక "నేనే తగ్గాను, ఏ మందూ వేసుకోలేదు" అనుకుంటారు. జీవితాంతం దాచడం మీవల్ల కాదు.

మరి దారి? వద్దనడానికి కారణం ముందు కనుక్కోండి. నాకు తెలిసి ప్రతి "వద్దు" వెనకా ఒకటి ఉంటుంది: పగలంతా మత్తు, బరువు, మగతనం తగ్గడం, "నేను పిచ్చోణ్ణి కాదు" అనే పౌరుషం, మందులో విషం ఉందనే భయం. ఒక్కోదానికి ఒక్కో పరిష్కారం ఉంది. "నీకు జబ్బుంది, వేసుకో" అంటే గొడవ. "నీకు నిద్ర పట్టట్లేదు కదా, దానికి" అంటే చాలామంది ఒప్పుకుంటారు, అది అబద్ధం కూడా కాదు. నాలుక మీద కరిగే మాత్రలు, నీళ్ళమందు రూపంలో రిస్పెరిడోన్, ఇంజెక్షన్లు ఉన్నాయి. ఎవరి మాట వింటాడో చూడండి, మేనమామో, చిన్నప్పటి మాస్టారో, అక్కో. ఏదీ కుదరక, తనకో ఎదుటివాళ్ళకో ప్రమాదం ఉంటే ఆసుపత్రిలో చేర్చడానికి 2017 చట్టంలో పద్ధతి ఉంది. ఇప్పటికే కలిపి ఇస్తుంటే డాక్టరు దగ్గర దాచకండి. మిమ్మల్ని తిట్టడానికి కాదు, ఎలా బయటపడాలో కలిసి ఆలోచించడానికి.

## ఒంట్లో మార్పులు

మూడు నెలల్లో పది కిలోలు పెరిగింది. తిండి తగ్గించమంటే ఏడుస్తోంది.

ఆ ఆకలి ఆమె చేతిలో లేదు. ఒలాంజపిన్, క్లోజపిన్ కడుపు నిండిందన్న భావాన్నే మార్చేస్తాయి. "తిండిపోతు" అని మాత్రం అనకండి. ఆ మాట పడలేక మందు మానేసిన పిల్లలు ఉన్నారు. క్వెటియాపిన్, రిస్పెరిడోన్‌తో పెరుగుదల మధ్యస్థం. అరిపిప్రజోల్, లురాసిడోన్, జిప్రాసిడోన్‌తో తక్కువ. మొదటి నెలలోనే రెండు మూడు కిలోలు పెరిగితే అప్పుడే డాక్టరుకి చెప్పండి, పది కిలోలయ్యాక తగ్గించడం చాలా కష్టం. కూల్‌డ్రింకులు, బేకరీ తిళ్ళు ఇంట్లోకి తేకపోవడం, కూర ఎక్కువ అన్నం తక్కువ పెట్టడం ఇంటిల్లిపాదీ చేస్తే ఆమెకి శిక్షలా ఉండదు. మందు మార్చడానికి వీలుకాకపోతే షుగర్ మందు మెట్‌ఫార్మిన్ కలపడం ఇప్పుడు మామూలే. షుగర్ లేకపోయినా ఇస్తారు, కంగారుపడొద్దు.

పెళ్ళికాని పిల్లకి నెలసరి ఆగిపోయింది, పాలు కూడా వస్తున్నాయి. ఎవరికి చెప్పుకోవాలి?

సైకియాట్రిస్టుకే చెప్పండి, అమ్మాయి తప్పేం లేదు. రిస్పెరిడోన్, పాలిపెరిడోన్, అమిసల్‌ప్రైడ్ ప్రోలాక్టిన్ అనే హార్మోన్‌ని పెంచుతాయి. పాలిచ్చే తల్లుల్లో పెరిగేది అదే. ఒక్క రక్తపరీక్షతో తెలుస్తుంది. ఏళ్ళతరబడి అలాగే వదిలేస్తే ఎముకలు బలహీనపడతాయి. మోతాదు తగ్గిస్తే, మందు మారిస్తే, అరిపిప్రజోల్ కలిపితే సర్దుకుంటుంది. పెళ్ళైనవాళ్ళు ఒకటి గుర్తుంచుకోవాలి: మందు మార్చాక గర్భం వచ్చే అవకాశం మళ్ళీ మొదలవుతుంది, నెలసరి కనబడకముందే రావచ్చు.

మగతనం తగ్గిపోయిందని మా ఆయన మందు మానేశారు. ఈ మాట డాక్టరుతో ఎలా చెప్పను?

నోటితో చెప్పలేకపోతే చిన్న కాగితం మీద రాసి ఇవ్వండి. "మందు వేసుకున్నప్పటినుంచి సంసార జీవితంలో ఇబ్బంది ఉంది" అని ఒక్క వాక్యం చాలు. ఇది మందు వల్ల వచ్చే సాధారణమైన ఇబ్బంది, కొన్ని మందులతో ఎక్కువ. జబ్బు వల్లా, షుగర్ వల్లా కూడా రావచ్చు. మార్చుకునే దారి ఉంది. మగవాళ్ళు మందు మానేయడానికి ఇంత పెద్ద కారణం, నోరు విప్పి చెప్పని కారణం ఇంకోటి లేదని నా నమ్మకం.

ఎండాకాలంలో ఏమైనా జాగ్రత్తలా?

ఉన్నాయి. ఈ మందులు ఒంటి వేడిని అదుపు చేసుకునే శక్తిని తగ్గిస్తాయి. వణుక్కి ఇచ్చే ట్రైహెక్సీఫెనిడిల్, అంటే చీటీలో టీహెచ్‌పీ అని ఉండేది, చెమటని తగ్గిస్తుంది. రెండూ కలిస్తే వడదెబ్బ తొందరగా తగులుతుంది. మే నెలలో మధ్యాహ్నం పొలం పని, రోడ్డు పని పెట్టుకోకండి. దాహం వేయకపోయినా నీళ్ళు, మజ్జిగ తాగించండి. బైపోలార్‌కి ఇచ్చే లిథియం కూడా వాడుతుంటే ఒంట్లో నీరు తగ్గడం మరీ ప్రమాదం.

ఏళ్ళతరబడి వాడితే కిడ్నీలు పోతాయంట కదా?

ఆ మాట లిథియం గురించి విని అన్నిటికీ అంటగట్టారు. యాంటీసైకోటిక్‌లలో ఎక్కువ భాగం లివర్ ద్వారా పోతాయి. అమిసల్‌ప్రైడ్, పాలిపెరిడోన్ మాత్రం కిడ్నీల ద్వారా పోతాయి కాబట్టి కిడ్నీ జబ్బు ఉన్నవాళ్ళకి మోతాదు తగ్గిస్తారు. చాలాకాలం వాడేవాళ్ళు గమనించాల్సింది వేరే ఉంది: తెలియకుండానే పెదవులు చప్పరించడం, నాలుక బయటికి రావడం, దవడ కదలడం. దీన్ని టార్డివ్ డిస్కినేజియా అంటారు. పాత మందులతో ఎక్కువ, కొత్తవాటితో తక్కువ, కానీ లేకపోలేదు. మొదట్లోనే పట్టుకోవాలి, ముదిరితే మందు ఆపినా పోకపోవచ్చు.

## క్లోజపిన్ దాకా వచ్చినప్పుడు

రెండు మందులు మార్చినా తగ్గలేదు. ఇప్పుడు క్లోజపిన్ అంటున్నారు. ప్రాణానికి ప్రమాదమట, నిజమేనా?

ప్రమాదం ఉంది, దానికి కాపలా కూడా ఉంది. 1975లో ఫిన్లాండ్‌లో క్లోజపిన్ వాడిన కొందరికి తెల్ల రక్తకణాలు పడిపోయి, ఇన్ఫెక్షన్లతో చనిపోయారు. చాలా దేశాల్లో పక్కన పెట్టేశారు. 1988లో వచ్చిన అమెరికా అధ్యయనం, వేరే ఏ మందుకీ లొంగని స్కిజోఫ్రీనియాలో ఇది పనిచేస్తుందని చూపించింది. మరుసటి ఏడాది రక్తపరీక్షల షరతుతో అక్కడ అనుమతిచ్చారు. ఆత్మహత్య ఆలోచనల్ని తగ్గించడంలోనూ దీనికి ప్రత్యేక స్థానం ఉంది.

కణాలు అలా పడిపోవడం నూటికి ఒకరికి లోపే, అదీ ఎక్కువగా మొదటి 18 వారాల్లో. అందుకే చాలాచోట్ల ఆ 18 వారాలూ వారానికోసారి, తర్వాత వ్యవధి పెంచుతూ ఏడాది దాటాక నెలకోసారి రక్తపరీక్ష చేస్తారు. జ్వరం, గొంతునొప్పి వస్తే పారాసిటమాల్ వేసి ఊరుకోకండి, ఆ రోజే పరీక్ష చేయించండి. మొదటి రెండు నెలల్లో ఆయాసం, ఛాతీనొప్పి, గుండెదడ ఉంటే గుండె కండరం వాపు కావచ్చు, వెంటనే వెళ్ళాలి.

వీటికన్నా ఎవరూ పట్టించుకోనిది మలబద్ధకం. క్లోజపిన్ పేగు కదలికని ఆపేస్తుంది, అది ప్రాణం మీదికి రావచ్చు. "రోజూ దొడ్డికి వెళ్తున్నావా?" అని సిగ్గుపడకుండా అడగండి. రాత్రి దిండు తడిసేలా జొల్లు కారడానికి మందు ఉంది, చెప్పండి.

ఇన్ని చెప్పాక కూడా నా మాట ఇదే: పదేళ్ళు గదిలోంచి బయటికి రానివాళ్ళు క్లోజపిన్ మొదలుపెట్టాక కొట్టుకెళ్ళి పాలప్యాకెట్ తేవడం చూశాను. రెండు మందులు సరిగా వాడినా ఫలించకపోతే దీన్ని ఆలస్యం చేయడమే ఎక్కువ నష్టం.

రెండు రోజులు క్లోజపిన్ లేకుండా గడిచిపోయాయి. మామూలు మోతాదే వేసేయొచ్చా?

వేయకండి. 48 గంటలు దాటితే ఒళ్ళు దానికి కొత్తైపోతుంది. పాత మోతాదు ఒక్కసారిగా వేస్తే బీపీ పడిపోయి కుప్పకూలొచ్చు. డాక్టరుకి ఫోన్ చేయండి, మళ్ళీ 12.5 ఎంజీ నుంచి మొదలుపెట్టిస్తారు.

అయ్యప్ప మాల వేసుకుంటానంటున్నాడు. వేసుకోవచ్చా?

వేసుకోవచ్చు, కానీ మాలకి ముందు డాక్టరుని కలవాలి. కారణం చాలామందికి తెలియదు. సిగరెట్, బీడీ, చుట్ట పొగలో ఉండే రసాయనాలు క్లోజపిన్, ఒలాంజపిన్‌లను లివర్‌లో తొందరగా కరిగించేస్తాయి. రోజూ పొగ తాగే మనిషికి అందుకు తగ్గట్టు మోతాదు పెంచి ఉంటారు. దీక్ష కోసం పొగ హఠాత్తుగా మానేస్తే అదే మోతాదుతో రక్తంలో మందు సగం వంతు దాకా, ఒక్కోసారి అంతకంటే ఎక్కువ పెరుగుతుంది. విపరీతమైన మత్తు, తూలడం, ఫిట్స్ కూడా రావచ్చు. 41 రోజులయ్యాక మాల తీసి మళ్ళీ బీడీ ముట్టిస్తే మందు తగ్గిపోయి జబ్బు లేస్తుంది. మోతాదు ముందే సర్దితే ఈ రెండూ రావు. ఖైనీ, గుట్కా మానేస్తే ఈ తేడా ఉండదు, ఎందుకంటే పని చేసేది పొగ, నికోటిన్ కాదు.

తెల్లవారుజామున లేవడం కూడా ఆలోచించండి. బైపోలార్ ఉన్నవాళ్ళకి నిద్ర తగ్గితే ఉద్రేకం మొదలవుతుంది. రాత్రి పూజ, భజన తొందరగా ముగించి పడుకునేలా గురుస్వామితో మాట్లాడండి. మందు వేసుకుంటే దీక్షకి భంగమేమీ కాదని ఆయన నోట వినిపిస్తే ఇంకా మంచిది.

## కుదుటపడ్డాక

ఇప్పుడు పూర్తిగా బాగున్నాడు. ఇంకా ఎన్నాళ్ళు వాడాలి?

మొదటిసారి వచ్చిన సైకోసిస్ అయితే పూర్తిగా తగ్గాక కనీసం ఒకటి రెండేళ్ళు. ఒకటికంటే ఎక్కువసార్లు వచ్చి ఉంటే ఐదేళ్ళు లేదా అంతకంటే ఎక్కువ. 2012లో 65 అధ్యయనాల్ని కలిపి చూసిన విశ్లేషణలో, మందు కొనసాగించినవాళ్ళలో ఏడాదిలో నూటికి 27 మందికి తిరగబెడితే, ఆపినవాళ్ళలో 64 మందికి తిరగబెట్టింది. ఆపగానే ఏమీ కాదు, అదే మోసం. వారాలు, నెలలు బాగానే ఉంటారు, "చూశారా, మందు అక్కర్లేదు" అనిపిస్తుంది.

అయితే "ఎప్పటికీ ఆపకూడదు" అని బెదిరించడం కూడా సరికాదు. ఆపాలనుకుంటున్న విషయం డాక్టరుతో ధైర్యంగా చెప్పగలిగితే, పరీక్షలు, పెళ్ళి, బదిలీ లాంటివి లేని ప్రశాంతమైన కాలం చూసుకుని నెలలతరబడి కొంచెంకొంచెంగా తగ్గించి చూస్తారు. నిద్ర తగ్గడం, ఒంటరిగా ఉండటం, అనవసరపు చిరాకు మళ్ళీ కనిపిస్తే పెంచుతారు.

రోజూ మాత్ర మర్చిపోతాడు. నెలకోసారి వేసే ఇంజెక్షన్ మంచిదా?

చాలామందికి మంచిది. రోజూ "వేసుకున్నావా?" అనే గొడవ ఇంట్లోంచి పోతుంది, అది చిన్న విషయం కాదు. పాలిపెరిడోన్ నెలకోసారి వేస్తారు, ఖరీదు ఎక్కువ. పాత తరంలో ఫ్లూఫెనజిన్, హాలోపెరిడోల్ డెకనోయేట్ చవక. ముందు అదే మందు మాత్ర రూపంలో పడుతుందో లేదో చూస్తారు, ఎందుకంటే వేసిన ఇంజెక్షన్‌ని వెనక్కి తీయలేం.

పెళ్ళి చేస్తే బాగవుతాడంటున్నారు. అవతలివాళ్ళకి చెప్పాలా?

పెళ్ళి మందు కాదు. బాగై, తన పని తను చేసుకుంటూ, తనకే కావాలనిపిస్తే చేసుకోవచ్చు, హాయిగా కాపురం చేస్తున్నవాళ్ళు ఎందరో ఉన్నారు. చెప్పకుండా చేస్తే ఏమవుతుందో నేను చూశాను. మాత్రలు కనబడతాయని పెళ్ళికి వారం ముందే ఆపేస్తారు. ఆ హడావిడి, నిద్రలేని రాత్రులు కలిసి నెలలోపు జబ్బు లేస్తుంది. దాచిన నిజం ఆ స్థితిలో బయటపడితే రెండు కుటుంబాలూ నలిగిపోతాయి. ఆ సంబంధం చట్టప్రకారం నిలబడకపోయే అవకాశమూ ఉంది. ముందే చెప్పి, అవతలివాళ్ళని డాక్టరు దగ్గరికి తీసుకొచ్చి ప్రశ్నలు అడగనివ్వండి.

నెల తప్పింది. మందు వెంటనే ఆపేయాలా?

మీ అంతట మీరు ఆపొద్దు. జబ్బు తిరగబెడితే తల్లికీ బిడ్డకీ కలిగే హాని మందుకన్నా ఎక్కువ కావచ్చు. ఆ వారమే డాక్టరుని కలవండి. యాంటీసైకోటిక్‌తో పాటు బైపోలార్‌కీ ఫిట్స్‌కీ ఇచ్చే వాల్‌ప్రొయేట్ కూడా ఉంటే మరీ తొందరగా వెళ్ళాలి, బిడ్డకి హాని చేసేది అది. షుగర్ పరీక్ష ముందుగా, తరచుగా చేయించాలి. పుట్టిన బిడ్డలో కొన్నిరోజులు వణుకు, మగత ఉండొచ్చు కాబట్టి ప్రసవం చేసే డాక్టరుకి మందులన్నీ చెప్పండి. చాలా మందులతో పాలివ్వచ్చు, క్లోజపిన్‌తో వద్దంటారు.

అప్పుడప్పుడూ కల్లు తాగుతాడు. ఫర్వాలేదా?

మద్యం, కల్లు ఈ మందులతో కలిస్తే మత్తు రెట్టింపవుతుంది. తెలంగాణలో కల్లులో అల్ప్రాజోలం లాంటి మత్తుమందులు కలిపిన కేసులు ఎన్నోసార్లు పట్టుబడ్డాయి. అలాంటి కల్లు అలవాటైన మనిషి హఠాత్తుగా మానేస్తే ఫిట్స్, లేనివి కనిపించడం, పిచ్చిపిచ్చిగా మాట్లాడటం మొదలవుతాయి. అది స్కిజోఫ్రీనియా కాదు, దాని వైద్యం వేరు. అందుకే తాగే విషయం మొహమాటపడకుండా చెప్పాలి.

మా నాయనమ్మకి మతిమరుపు జబ్బు. రాత్రి అరుస్తోందని పక్కింటివాళ్ళ మాత్ర ఇద్దామనుకుంటున్నాం.

దయచేసి ఇవ్వకండి. మతిమరుపు జబ్బున్న ముసలివాళ్ళలో ఈ మందుల వల్ల మరణాలు పెరుగుతాయని 2005లో అమెరికా ఔషధ సంస్థ హెచ్చరించింది. దాదాపు ఒకటిన్నర రెట్ల పైనే. అరవడానికి కారణం మూత్రంలో ఇన్ఫెక్షన్, నొప్పి, మలబద్ధకం, ఆకలి, చెవి వినపడకపోవడం కావచ్చు. ముందు అవి చూడాలి. తప్పనిసరైతే డాక్టరు చాలా చిన్న మోతాదులో, కొద్దివారాలకే ఇస్తారు.

అబ్బాయి అమెరికాకి చదువుకి వెళ్తున్నాడు. మందులు ఎలా?

కంపెనీ పేరు కాకుండా మందు అసలు పేరు, మోతాదు రాసిన చీటీ, జబ్బు వివరాలతో డాక్టరు లేఖ వెంట ఉండాలి. మాత్రలు వాటి పట్టీల్లోనే, చేతిసంచిలో పెట్టుకోవాలి. మందు ఎంత మిగిలాక అక్కడి డాక్టరుని వెతుక్కోవాలో ఇక్కడే లెక్క వేసుకోండి, అపాయింట్‌మెంట్‌కి వారాలు పట్టొచ్చు. మొదటి సెమిస్టరులో నిద్ర పోగొట్టుకునే పార్ట్‌టైమ్ రాత్రి ఉద్యోగం వద్దు.

ప్రతి నెలా ఇంత ఖర్చు పెట్టలేం. వేరే దారి ఉందా?

హైదరాబాద్ ఎర్రగడ్డ ఆసుపత్రిలో, విశాఖపట్నం ప్రభుత్వ మానసిక వైద్యశాలలో, ప్రభుత్వ వైద్య కళాశాలల మానసిక విభాగాల్లో మందులు ఉచితంగా ఇస్తారు. "ఎర్రగడ్డ" అనే పేరుని మనవాళ్ళు తిట్టుగా వాడి వాడి, అక్కడికి వెళ్ళాల్సినవాళ్ళని వెళ్ళకుండా చేశారు. అక్కడ దొరికేది వైద్యమే. రిస్పెరిడోన్, క్లోజపిన్ జాతీయ అత్యవసర మందుల జాబితాలో ఉన్నాయి. జన ఔషధి దుకాణాల్లో చాలా మందులు తక్కువ ధరకి దొరుకుతాయి, మందు అదే. మిగతా జబ్బులతో సమానంగా మానసిక జబ్బుకీ బీమా ఇవ్వాలని 2017 చట్టం చెబుతోంది.

ఏవి కనిపిస్తే అర్ధరాత్రైనా ఆసుపత్రికి పరిగెత్తాలి?

బాగా జ్వరం, ఒళ్ళంతా కర్రలా బిగుసుకుపోవడం, అయోమయం, చెమటలు, మూత్రం నల్లగా రావడం కలిసి కనిపిస్తే తర్వాతి మాత్ర వేయకుండా వెంటనే పెద్ద ఆసుపత్రికి వెళ్ళండి. అరుదైనదే గానీ ప్రాణాంతకం. మందుల చీటీ చూపించి "ఈ మందు వాడుతున్నారు" అని మొదటి మాటగా చెప్పండి, లేకపోతే మామూలు విషజ్వరం అనుకునే ప్రమాదం ఉంది. స్పృహ తప్పడం, ఫిట్స్, క్లోజపిన్ వాడేవాళ్ళలో జ్వరం, రెండు మూడు రోజులుగా విరేచనం లేక కడుపు ఉబ్బి వాంతులు అవడం కూడా ఆగకూడనివే.

చచ్చిపోతానంటుంటే ఒంటరిగా వదలకండి, మాత్రల పట్టీలన్నీ మీ దగ్గర పెట్టుకోండి. మానసిక ఇబ్బందులకి ప్రభుత్వం నడిపే ఫోన్ సేవ టెలి మానస్ నంబరు 14416కి ఏ వేళలోనైనా ఉచితంగా ఫోన్ చేయొచ్చు, తెలుగులో మాట్లాడతారు.